జోడు లాఠీల్లో మావాళ్ళ వీపులు

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతి దాకా చదివినాను, ఆ తర్వాత వలలు అల్లేదానికి కూర్చున్నాను. సంతకం పెట్టడం, బస్సు బోర్డు చదవడం, కూతురికి ఫోన్లో రెండు ముక్కలు కొట్టడం, అంతే నా రాత. నలుగురిలో మాట్లాడేదానికి కూడా నాకు నోరు రాదు. టీ అంగడి నడుపుతున్నా తడిక వెనకే నిలబడి గ్లాసులు అందిస్తాను. అయితే మొన్న మా అంగడి దగ్గర జరిగినదాన్ని ఊళ్ళో తలా ఒక రకంగా చెప్పుకుంటా వుండారు. మస్తానమ్మ, అంటే నేను, నలుగురిలో కామాక్షయ్య పరువు తీసేసిందని కొందరు, కామాక్షయ్యే మస్తానమ్మను ఇన్నేళ్ళు మోసం చేసినాడని కొందరు. రెండూ కాదు. ఆ సాయంత్రం ఎవరేమన్నారో నాకు మాట మాట గుర్తుంది. అందుకని రాస్తుండాను. తప్పులుంటే మీరే సర్దుకోవాల.

ముందు మా వంతు సంగతి చెప్తాను. మాది పులికాట్ సరస్సు ఒడ్డున ఊరు. మా నీళ్ళలో ఎవరు పడితే వాళ్ళు వల వేసేదానికి లేదు. పడవకొక వంతు. చీటీలు తీసిన వరసలో ఇరవై రోజులకొకసారి మన పడవకు వస్తుంది. ఆ రోజు చేప తిరిగే మంచి చోటు మనది. తెల్లవారేటప్పటికి ఒడ్డున పెద్దకాపు, అంటే మా ఊరి పెద్ద, పడవ పేరు మూడుసార్లు పిలుస్తాడు. పడవ ఇంటి మనుషులు ఇద్దరు అందులో నిలబడి పలకాల, గడ వేసి పడవ నెట్టేదానికి ఒకరు, వల వదిలేదానికి ఒకరు. బయటి మనుషులు పోతే చెల్లదు. వరసగా మూడు వంతులు పలక్కపోతే పేరు కొట్టేస్తారు. కొట్టేసిన పేరు మళ్ళీ రాయరు.

మా పడవ మా ఆయన పెంచలయ్యదీ, కామాక్షయ్యదీ. కామాక్షయ్యకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. మా ఆయనే ఆయనకు ఇల్లు. ఐదు నెలల కింద గాలివానలో, సముద్రం వచ్చి మా నీళ్ళలో కలిసే మొగ దగ్గర, మా ఆయన పడిపోయినాడు. కామాక్షయ్య ఒక్కడే పడవతో వచ్చినాడు. ఏం జరిగిందని అడిగితే "గాలి" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలా. మైల అని పెద్దలు మూడు నెలలు మా పేరు పిలవలేదు. ఆ తర్వాత రెండు వంతులకు పిలిచినారు. మొదటి వంతుకు కామాక్షయ్యకు జ్వరం. రెండో వంతుకు మోకాలు నొప్పి. మూడో వంతుకు పిలిచేది నేను చెప్పే ఆ సాయంత్రం గడిస్తే మర్నాడు పొద్దున. మాకు మగపిల్లలు లేరు. ఒక్క కూతురు వాణి, తడ దగ్గర కంపెనీలో పని చేస్తుంది. కామాక్షయ్య పోకపోతే నీళ్ళ మీద మా ఆయన పేరు అనేదే వుండదు.

ఇంక సినిమా సంగతి. జోడు లాఠీలు అని పన్నెండేళ్ళ కింద వచ్చింది. ఒక పొడుగు పోలీసు, ఒక పొట్టి పోలీసు. పొడుగాయనకు నోరు ఆగదు. పొట్టాయనకు నీళ్ళంటే భయం. ఇద్దరికీ ఒక్క నిమిషం పడదు. జీపులో కిటికీ పక్క సీటు కోసం కొట్టుకుంటారు. ఉద్యోగంలోంచి తీసేస్తే దొంగను పట్టేదానికి అద్దె సైకిలు మీద బయల్దేరతారు, ఒకడు తొక్కుతుంటే ఇంకొకడు వెనక కూర్చుని తప్పు దారి చెప్తా వుంటాడు. నవ్వి నవ్వి కడుపు నొప్పి వస్తుంది. ఎంత తిట్టుకున్నా ఒకడు కనపడకపోతే ఇంకొకడు అన్నం తినడు. అందుకే ఆ సినిమా అంటే జనానికి అంత ప్రాణం అనుకుంటా. దొంగను పట్టినారా లేదా అని ఎవరికీ గుర్తు లేదు. వాళ్ళిద్దరూ గుర్తు.

చివర్లో పడవ మీద దొంగల వెంట పడతారు. ఆ ముక్క మా నీళ్ళలో తీసినారు. నటులకు గడ వెయ్యడం రాదు గదా, మా ఆయనకూ కామాక్షయ్యకూ పోలీసు బట్టలు తొడిగి, వీపులు కనపడేటట్టు నిలబెట్టి తీసినారు. తెర మీద రెండు గుటకలు వేసేంత సేపు ఆ వీపులు కనపడతాయి. వాటి కోసం ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి సూళ్ళూరుపేటకు పోయినాం. ఆ రోజు నుంచి కామాక్షయ్య మా ఊరి పొడుగు పోలీసు, మా ఆయన పొట్టి పోలీసు.

ఇప్పుడు దానికి రెండో భాగం. అది విడుదలయ్యేదీ ఆ మర్నాడే. ఫోన్లలో ముందే ఒక ముక్క వచ్చింది. అందులో పొడుగాయన ఒక్కడే ఒడ్డున నిలబడి వుంటాడు, నీళ్ళ మీద పొట్టాయన టోపీ తేలతా వుంటుంది. అంతే, పిలకాయలకు అన్నం సహించడం మానేసింది. మా అంగడి ఎదురుగా ఫ్లెక్సీ కట్టినారు. పైన ఇద్దరు నటులు, కింద గుండ్రం బొమ్మల్లో అభిమాన సంఘం వాళ్ళు, మధ్యలో కామాక్షయ్య, మా ఆయన. మా ఆయన బొమ్మ ఓటు కార్డులోది. బొమ్మకు దండ వేసినట్టు వెయ్యబోతే కామాక్షయ్య ఫ్లెక్సీలు వేసే అంగడికి పోయి గలాటా చేసి తీయించినాడంట.

ఆ సాయంత్రం అంగడి ముందు బల్ల మీద నలుగురున్నారు. కామాక్షయ్య, అభిమాన సంఘం నడిపే గిరిబాబు, ఆటో తోలే సమాధానం, రొయ్యలమ్మే వెంకటశేషమ్మ. పెద్దమ్మకు డెబ్బై దాటినాయి, ఎవరికీ జంకదు.

కూర్చోగానే ఆమే మొదలుపెట్టింది. "ఒరే కామాక్షీ, రేపు పొద్దున నీళ్ళకు పోతావా, లేదా? అది చెప్పి టీ తాగు."

"రేపా పెద్దమ్మా? రేపు నేను లేకపోతే సినిమా మొదలే కాదు" అన్నాడు కామాక్షయ్య.

"చీకటితోనే బండి పంపిస్తుండాం పెద్దమ్మా" అన్నాడు గిరిబాబు. "మొదటి ఆటకు మామ చేత్తోనే టెంకాయ కొట్టించేది. సూళ్ళూరుపేట సంఘం వాళ్ళు కూడా ఒప్పుకున్నారు."

"టెంకాయ సాయంత్రం ఆటకు కొడితే పగలదా?"

"ఆ టెంకాయ వేరే, పెద్దమ్మా. అసలు నేను ఆ సినిమాకు ఎవరో నీకు తెలుసునా? ఊరికే వీపు చూపించినాననుకుంటుండావు. మొదట్నుంచి చెప్తా విను" అని కామాక్షయ్య గ్లాసు కింద పెట్టినాడు. ఆయన గ్లాసు కింద పెడితే ఇంక లేచేవాళ్ళు లేరు. నేను తడిక వెనకాల పొయ్యి తగ్గించినాను.

"ఆ పొద్దు డైరెక్టరు వచ్చి, ఇద్దరు మనుషులు కావాల, గడ బాగా వెయ్యాల అన్నాడు. మేం అడగలా, ఊళ్ళోవాళ్ళే మమ్మల్ని చూపించినారు. అది అబద్ధమా పెద్దమ్మా? కాదు గదా. సరే. బట్టలు తొడుక్కున్నాం. నాకు చొక్కా చేతులు చాల్లేదు, పెంచలయ్యకు ప్యాంటు రెండు మూరలు జాస్తి. మెల్లగా పోనీండి, కెమెరా పడవ మీ పక్కనే వస్తుంది అన్నాడు డైరెక్టరు. సార్, మెల్లగా పొయ్యేది మాకు నేర్పించలేదు సార్ అన్నా. నవ్వినాడు. నవ్విందే ఆఖరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మునిగినారు" అన్నాడు సమాధానం.

"మునిగేదానికి మేమేమన్నా ఆటో తోలేవాళ్ళమా? యాక్షన్ అన్నాడు. గడ వేసినా. ఒక్క వేటు. వాళ్ళది ఇంజను పడవ బ్బా, మాది గడ. తిరిగి చూస్తే కెమెరా పడవ అగ్గిపెట్టె మాదిరి కనపడతా వుంది. కట్, కట్ అని మైకులో అరస్తుండాడు. ఆ కట్ అనే మాట మమ్మల్ని తరుముకుంటా వస్తుండాది, అందుకోలేక వగరుస్తుండాది. అది మా దగ్గరికి చేరేటప్పటికి మేము అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండాం."

గిరిబాబు పగలబడి నవ్వినాడు. నేను కూడా తడిక వెనక నవ్వినాను, అబద్ధమెందుకు. ఆయన చెప్పడం అట్టా వుంటుంది. మా ఆయన బతికున్నప్పుడు ఈ కథే చెప్తుంటే, పక్కన కూర్చుని "రెండు మూరలు కాదురా, మూడు" అని ప్యాంటు సంగతి సర్దేవాడు. మిగతా దానికి ఏమీ అనేవాడు కాదు.

"నటులేం చేసినారు మామా?"

"పొడుగాయన ఒడ్డుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అన్నా, నీ నిలబాటు నాకు నేర్పు, లేకపోతే నేను సినిమాలు మానేస్తా అన్నాడు. నేర్పినా. మీసం ఇట్టా తిప్పాల నాయనా, ఎడమ పక్కకి అని ఒక్కసారి తిప్పి చూపించినా. ఆ తిప్పుడికి నీళ్ళు సుడి తిరిగినాయి. ఆ సుడి ఈ పొద్దుటికీ ఆడే వుంది, పడవలు చుట్టుకొని పోతాయి. కావాలంటే పెద్దకాపును అడుగు."

"మీసం యాడుందన్నా నీకు?" అన్నాడు సమాధానం.

"ఆ సుడిలోనే పోయింది. సరే విను. మళ్ళీ తియ్యాల అన్నారు. మళ్ళీ పోయినాం. ఈసారి కొంచెం జోరుగా వేసినా గడ. అప్పుడు జేబులో ఫోను మోగింది. ఎవరూ? శ్రీహరికోట నుంచి. కామాక్షయ్యా, ఈడ రాకెట్టు వదలతా వుండాం, పది, తొమ్మిది, ఎనిమిది అని ఎంచుకుంటా వచ్చి నాలుగు దగ్గర ఆపి పెట్టినాం, నీ పడవ దారికడ్డం వుంది, నువ్వు తీస్తేనే మేము మూడు అనేది అన్నారు. నేనేమన్నా? సార్, మీ దారికి నేను అడ్డం కాదు, నా దారికి మీ రాకెట్టు అడ్డం, కావాలంటే ఇద్దరం కలిసే పోదాం, మూడు అనుకోండి అన్నా."

"అన్నారా?"

"అనకేం జేస్తారు? మూడు, రెండు, ఒకటి. అది లేచింది. ఇది లేచింది. నీళ్ళల్లో మేస్తుండే ఎర్రకాళ్ళ కొంగలు వెయ్యి, రెండు వేలు, పడవ కింద రెక్కలు పరిచినాయి. రాకెట్టు పక్కన పడవ, పడవ పక్కన రాకెట్టు. కిందికి చూస్తే మన ఊరు మిరపగింజంత. పెంచలయ్య నన్ను ఏమడిగినాడో తెలుసా? బీడీ అడిగినాడు. ఆ ఎత్తులో! వున్నాయి గానీ అగ్గిపెట్టె తడిసింది. ఆ మాట అన్నానో లేదో వంగి రాకెట్టు తోక మంటలో ముట్టించుకున్నాడు. రెండు ముట్టించినాడు. ఒకటి నా నోట్లో పెట్టినాడు."

"మూతి కాలలేదా మామా?"

"వాడిది కాలింది. అందుకే నల్లగా వుంటాడు."

అందరూ నవ్వినారు. వెంకటశేషమ్మ మటుకు నవ్వలేదు. "వుంటాడు అంటుండావే" అంది.

కామాక్షయ్య ఆ మాట విననట్టే టీ తాగినాడు. గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది, ఉత్త గ్లాసే ఎత్తి తాగినాడు. నేను ఇంకో గ్లాసు పోసి తడిక పక్కనుంచి పెట్టినాను. అప్పుడైనా ఆయన నన్ను చూస్తాడేమో, రేపటి సంగతి కళ్ళతోనైనా అడుగుదామనుకున్నాను. చూడలేదు. ఐదు నెలల్లో ఆయన నా మొహం చూసి మాట్లాడింది లేదు.

గిరిబాబు ఫోను తీసినాడు. "మామా, అది సరే. రెండో భాగంలో పొట్టాయన నిజంగానే పోతాడా? టోపీ ఒకటే తేలతా వుంది చూడు. ఇద్దర్లో ఒకడు లేకపోతే ఆ సినిమా ఎవడు చూస్తాడు మామా? మా సంఘంలో సగం మంది ఏడ్చినంత పని చేస్తుండారు. కొత్త నటుణ్ణి పెట్టి తమ్ముడని చెప్తారంటుండారు."

"తమ్ముడా? నేనొప్పుకుంటానా? ఆ డైరెక్టరు నాకు ఫోను చేసినాడు రా. పోయిన నెల. అన్నా, ఒకణ్ణి చంపేస్తాం, జనం ఏడుస్తారు, బాగా ఆడుతుంది అన్నాడు. నేను చెడామడా తిట్టినా. నీకు రెండు చెప్పులుంటాయి గదా, ఒకటి సముద్రంలో పారేసి ఇంకొకటి తొడుక్కొని నడిచి చూపియ్యి నాకు అన్నా. అయితే మరేం చేద్దామన్నా అన్నాడు. కథ రాసుకో, నేను చెప్తా అన్నా. ఈ రెండో భాగం కథ నాదే. పేరు వెయ్యొద్దన్నా."

"అయితే చెప్పు మామా, పొట్టాయన ఎట్టా బతుకుతాడు?" గిరిబాబు బల్ల మీద ముందుకు జరిగినాడు.

"గాలి లేస్తుంది. ఏ గాలి? తాటిచెట్లను పీకి పళ్ళు కుట్టుకునే గాలి. మొగ దగ్గర సముద్రం ఇట్టా లోపలికి వస్తా వుంటుంది, గోడ మాదిరి. పొట్టాయన పడిపోతాడు. టోపీ తేలతాది. జనం ఏడస్తారు. ఇంటర్వెల్. ఆ తర్వాత ఏమైతుందో తెలుసా? పొడుగాయన దూకుతాడు. చొక్కా కూడా విప్పడు. దూకి వెతుకుతాడు. ఒక పొద్దు. రెండు పొద్దులు. ఊపిరి పీల్చేదానికి పైకి రాడు, వస్తే ఆ ఒక్క గుక్క సేపట్లో వాణ్ణి దాటుకుని పోతానేమో అని. చేపలు దారిస్తాయి. రొయ్యలు మీసాలతో చూపిస్తాయి, అటు పోయినాడు, అటు పోయినాడు అని. కనపడ్డు. అప్పుడు పొడుగాయనకు కోపం వస్తుంది. సముద్రాన్ని తాగేస్తాడు."

"ఎంత?" అన్నాడు సమాధానం. గొంతులో వెటకారం తగ్గింది.

"ఒక గుక్క. కృష్ణపట్నం రేవులో ఓడలన్నీ నేలకు దిగబడినాయి. ఇంకో గుక్క. అడుగు కనపడింది. బురద, గవ్వలు, పోయిన వలలు, మా నాయన పారేసుకున్న లంగరు, అన్నీ కనపడినాయి. ఆ మధ్యలో కూర్చోనుండాడు. మోకాళ్ళు ముడుచుకొని. వాడికి చలి గదా, ఎప్పుడూ అట్నే కూర్చుంటాడు. ఏందిరా కామాక్షీ, ఇంత ఆలస్యం చేసినావు, బీడీలన్నీ తడిసిపోయినాయి అన్నాడు. నేను గడ ఇచ్చినా. పట్టుకున్నాడు. లాగినా. వచ్చేసినాడు. ఏం బరువు లేడు, ఈక మాదిరి వచ్చేసినాడు. పడవలో కూర్చోబెట్టి తువ్వాలు కప్పినా."

సినిమా అని మొదలుపెట్టిన మనిషి ఎక్కడ దారి మళ్ళినాడో ఎవరికీ తెలియలేదు. గిరిబాబు ఫోను తిరగేసి బల్ల మీద పెట్టినాడు. ఎవరూ నవ్వడం లేదు.

కామాక్షయ్యకు మాత్రం ఆగడం చేతకాలేదు. "అదీ కథ. రేపు చూడండి. మొదటి భాగంలో మా ఇద్దరి వీపులే చూసినారు. రేపు మొహాలు చూస్తారు. ఇద్దరివీ! నేను పోకపోతే ఎట్టా? వాడు తెర మీదకొచ్చేటప్పటికి నేను ఆడ లేకపోతే వాడేమనుకుంటాడు?"

నేను తడిక పక్కకు జరిపి బయటికి వచ్చినాను. ఎందుకొచ్చినానో నాకే తెలియదు. కాళ్ళు వచ్చినాయి. నాలుగు జతల కళ్ళు నా మీద పడినాయి. చేతిలో టీ వడపోసే గుడ్డ వుంది, దాన్ని పిండుకుంటా నిలబడినాను.

"అన్నా, ఆ వీపులు మీవి కాదు" అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. వెంకటశేషమ్మ "ఏందమ్మా?" అంది. మళ్ళీ చెప్పినాను.

"ఆ సినిమాలో కనపడే వీపులు మీవీ కాదు, మా ఆయనవీ కాదు. ఆ పడవ వెనకాల కొండ వుంది. దగ్గర్లోనే పెద్ద కొండ, దాని మీద చెట్లు. మన నీళ్ళ ఒడ్డున కొండ ఎక్కడుందన్నా?"

గిరిబాబు గబగబా ఫోనులో ఆ ముక్క తీసినాడు. సమాధానం తల అటు పెట్టినాడు. ఒకసారి చూసినారు, ఆపి చూసినారు. పన్నెండేళ్ళు ఊరంతా చూసింది. పెళ్ళిళ్ళలో వేసినారు, తిరనాళ్ళలో తెర కట్టి వేసినారు. అందరం రెండు వీపులే చూసినాం, వాటి వెనకాల ఎవరూ చూడలేదు.

"కొండే" అన్నాడు గిరిబాబు. వాడి మొహం చిన్నపిల్లాడిదైపోయింది. "వుంది సమాధానం మామా. కొండే."

నాకది ఎట్టా తెలిసిందో కూడా చెప్పాల. మా ఆయనకు ఓటు కార్డులో బొమ్మ తప్పితే వేరే లేదు. పోయినాక వాణి నా ఫోనులో ఆ సినిమా ముక్క వేసి ఇచ్చింది. పొయ్యి ముట్టించే ముందు ఒకసారి, అంగడి మూసినాక ఒకసారి చూసేదాన్ని. కుడి పక్క వీపు. ఆ భుజం, ఆ మెడ. రెండు నెలలు చూసినాను. ఒకరోజు వీపు బాగా కనపడాలని వేళ్ళతో బొమ్మ పెద్దది చేస్తే కొండ కనపడింది. ఎవరి వీపునో పట్టుకుని ఏడ్చినాను రెండు నెలలు. అది తెలిసినాక కూడా చూడడం మానలేదు. ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో అందరూ దాన్ని మా ఆయనే అనుకున్నంత కాలం ఆయన ఎక్కడో ఒక చోట పడవ మీద నిలబడి వున్నట్టే గదా అనుకున్నాను. ఆ సాయంత్రం నా చేత్తో నేనే ఆయన్ను ఆ పడవ మీద నుంచి తీసేసినాను.

కామాక్షయ్య తిట్టలేదు. కాదని కూడా అనలేదు. "నాకు తెలుసమ్మా" అన్నాడు.

"తెలుసా?" అన్నాడు సమాధానం.

"మొదటి రోజే. హాల్లో మీరంతా ఈలలేస్తుంటే వాడు నా చెవిలో చెప్పినాడు, ఒరే కామాక్షీ, కొండ వుంది, మనల్ని తీసేసి వేరే చోట వేరేవాళ్ళతో తీసినారు అని. వాడి కళ్ళు అట్టాంటివి. నేను ట్రాక్టరెక్కి అరిచి చెప్పబోయినా. వాడే గట్టిగా చెయ్యి పట్టుకున్నాడు. మస్తానమ్మ ఎంత సంతోషంగా వుందో చూడరా, ఊరుకో అన్నాడు. ఊరుకున్నాం. పన్నెండేళ్ళు ఇద్దరం ఆ అబద్ధాన్ని కాపాడుకున్నాం. నేను పెంచేది, వాడు పక్కన కూర్చుని ఊ కొట్టేది." గ్లాసు పక్కకు జరిపినాడు. "వాడు పోయినాక ఆ సంగతి తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే మిగిలినా అనుకున్నా."

వెంకటశేషమ్మ లేచి ఆయన పక్కన కూర్చుంది. "పోనీలే రా. అయిందేదో అయింది. సినిమా యాడికీ పోదు. రేపు పడవెక్కు. వాడి పేరు నిలబెట్టు. అంతకంటే నువ్వు వాడికి చేసేది ఏముంది?"

"ఎక్కలేను పెద్దమ్మా."

"జ్వరమా, మోకాలా?"

ఆయన రెండు చేతులు ముందుకు పెట్టి చూపించినాడు. "గడ పట్టుకుంటే వాడి బరువు తెలుస్తుంది" అన్నాడు. "గడ ఇచ్చినా ఆ పొద్దు. పట్టుకున్నాడు. అది నిజం. ఈక మాదిరి లేడు పెద్దమ్మా. సముద్రం మొత్తం వాడి కాళ్ళు పట్టుకుని లాగతా వుంది. పడవ ఒరిగిపోయింది. నేను కూడా పోతానని..." చేతులు వెనక్కి తీసుకున్నాడు. "గడ వాడు వదల్లేదు. నేను వదిలినా."

అప్పుడు ఆయన నా మొహం చూసినాడు. ఐదు నెలల తర్వాత.

నేనేమనాలి? తిట్టాలని అనిపించలేదు. ఓదార్చాలని కూడా అనిపించలేదు. గ్లాసులు ఏరి తీసుకుని లోపలికి పోయి కడిగినాను. కడిగినవే మళ్ళీ కడిగినాను. గిరిబాబు, రేపు బండి పంపించమంటావా మామా అని మెల్లగా అడిగినాడు. తలెత్తి చూసేటప్పటికి బల్ల మీద కామాక్షయ్య లేడు. తాగని టీ గ్లాసు వుంది.

మర్నాడు ఇంకా చీకటి విడవకముందే నేను రేవుకు పోయినాను. వాణికి చెప్పలేదు, చెప్తే రానియ్యదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు వల అల్లుతారు, చేప ఎండబెడతారు, అమ్ముతారు. వంతు రోజు పడవెక్కరు. ఎక్కకూడదని ఎవరూ చెప్పగా నేను వినలేదు, ఎక్కినోళ్ళనూ చూడలేదు. పడవ ఇంటి మనుషులు అంటే మగవాళ్ళేనా అని దారంతా అనుకుంటా పోయినాను. ఐదు నెలలు ఎండలో వున్న పడవ, అతుకులు విడిచి నీళ్ళు వూరతా వున్నాయి. డబ్బాతో తోడి పోసినాను. పాత గడ సముద్రం తీసుకుపోయింది గదా, పక్కింటి వెనకాల ఆనించి వున్న గడ అడక్కుండానే తెచ్చుకున్నాను. చీర దోపుకుని ఎక్కి నిలబడితే పడవ ఊగింది.

వెలుగొచ్చింది. ఒడ్డున ఏడెనిమిది మంది చేరినారు. వెంకటశేషమ్మ కూడా వచ్చి గంప బోర్లించి దాని మీద కూర్చుంది. దూరంగా రోడ్డు మీద గిరిబాబు వాళ్ళ బండి డప్పులు కొట్టుకుంటా పోయింది. అందులో కామాక్షయ్య వుండాడో లేదో ఈడ నుంచి కనపడలేదు.

పెద్దకాపు పద్మనాభయ్య గారు పేరు పిలిచినాడు. "పెంచలయ్య పడవ."

నేను గడ రెండు చేతులా పట్టుకున్నాను.

రెండోసారి పిలిచినాడు. ఆయన నన్ను చూస్తానే వుండాడు, అయినా వరస ప్రకారం పిలవాల గదా. మూడోసారి పిలిస్తే ఇంక అయిపోయినట్టే.

"వుండాం" అన్నాను.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పద్మనాభయ్య గారు నీళ్ళ దాకా నడిచి వచ్చినాడు. ఆయన మొహంలో కోపం లేదు, అదే కష్టంగా వుంది. "ఇద్దరుండాల గదమ్మా మస్తానమ్మా. రెండో మనిషి యాడ?"

పుట్టి నలభై ఎనిమిదేళ్ళయింది, నలుగురిలో నిలబడి నేను ఒక్క అబద్ధం ఆడినదాన్ని కాదు.

"వస్తుండాడు" అన్నాను. "నా వెనకాలే బయల్దేరినాడు. చొక్కా తొడుక్కుంటుండాడు. రాత్రంతా నిద్రపోలేదంట, నీళ్ళకు పోవాల, నీళ్ళకు పోవాల అని ఒకటే ఆరాటం. ఆ గట్టు దాటి వుంటాడు ఈపాటికి."

అందరూ గట్టు వైపు తిరిగినారు. పద్మనాభయ్య గారు కూడా చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూసినాడు. ఆ దారిలో ఎవరూ రావడం లేదని నాకు తెలుసు. అందుకే నేను తిరగలేదు. గడ బురదలో దించి, నా బరువంతా వేసి పడవను లోపలికి నెట్టినాను.